ఆ ఊరు ఎవరి కబ్జాలో ఉంది

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా. అప్పుడు శాలువా కప్పారు, దండ వేశారు. సర్వీసంతా నా మీద చాడీలు చెప్పిన ఒకాయన మైకు పట్టుకుని కన్నీళ్లు కూడా పెట్టుకున్నాడు. రెండోసారి బాన్సువాడ బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉన్న ఒక కంప్యూటర్ ఆఫీసు నుంచి. ఈసారి శాలువా లేదు. హైదరాబాద్‌లో కూర్చున్న మేనేజరు వీడియో కాల్‌లో చప్పట్లు కొడుతుంటే మధ్యలో నెట్ పోయింది. నేను సంచి సర్దుకుని కిందికి దిగి, ఒక చాయ్ తాగి ఇంటికి పోయాను.

మొదటి ఉద్యోగం కబుర్లు చెప్పమని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వాటి వెనక ఎవరి భూమి గొడవో ఒకటి ఉంటుంది. రెండో ఉద్యోగం గురించి ఎవరూ అడగరు. కానీ నా మనసులో ఎక్కువగా మెదిలేది అందులోని ఒక వారమే. మీలో చాలామంది ఇప్పుడు అలాంటి ఆఫీసుల్లో తెరల ముందే కూర్చుంటున్నారు కాబట్టి చెబుతున్నాను. మీకు పనికిరాకపోయినా నాకు చెప్పాలని ఉంది.

ఆ ఆఫీసు మొదట్లో పాత గ్రామ నక్షాలను, అంటే భూముల పటాలను, కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేసేది. గుడ్డ మీద అతికించిన నక్షాలు చదవగలిగే మనిషి కావాలని నన్ను పిలిచారు. ఇంట్లో మా ఆయనతో టీవీ రిమోట్ కోసం కొట్లాడడం కంటే నయమని వెళ్లాను. నక్షాల పని ముగిసేసరికి కంపెనీకి విదేశం నుంచి ఇంకో నక్షా పని దొరికింది. అది యుద్ధం నక్షా.

ఏ దేశమో రాయను. రాస్తే మీరు వెంటనే ఏదో ఒక పక్షం చేరిపోతారు, నేను చెప్పేది వినరు. రెండు సైన్యాలు కొట్టుకుంటున్నాయి. ఆ నక్షాలో ఒకదాని రంగు నీలం, ఇంకోదానిది ఎరుపు. ఒక్కో ఊరికి ఒక్కో చుక్క. ఊరు నీలం వాళ్ల చేతిలో ఉంటే నీలం చుక్క, ఎర్రవాళ్ల చేతిలో ఉంటే ఎర్ర చుక్క, ఏదీ తేలకపోతే బూడిద రంగు. సైనికులూ ఊరివాళ్లూ పెట్టే వీడియోలు, ఉపగ్రహం తీసిన ఫోటోలు చూసి మావాళ్లు రంగు నిర్ణయిస్తారు. చివర్లో దాన్ని ఒప్పుకుని బటన్ నొక్కేది నేను. పని ఇచ్చిన విదేశీ కంపెనీకి బూడిద రంగు అంటే గిట్టదు. బూడిద చుక్క పెడితే మేం పని ఎగ్గొట్టినట్టు వాళ్ల లెక్క.

మా గుంపులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకతను జుక్కల్ వైపు వాడు. ముప్పై లోపు వయసు, నోట్లో మూడు భాషలు, కాలు ఒకచోట నిలవదు. ఏ వీడియో ఎక్కడ తీశారో పట్టుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. రెండో ఆమె రోజూ బీర్కూర్ నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. ఉపగ్రహం ఫోటోలు చూసేది ఆమే. పెద్దగా మాట్లాడదు. తెరకు ముక్కు ఆనించి చూస్తుంటే కళ్లు పోతాయే తల్లీ అని రోజుకొకసారి తిట్టేదాన్ని. ఆదివారం మాత్రం ఎంత పనున్నా ప్రార్థనకు పోవలసిందే.

ఇక ఆ ఊరు. దాని పేరు మా ఎవరి నోటా సరిగా పలకలేదు. పక్కనే, బీర్కూర్‌కు మంజీర ఉన్నట్టు, ఒక నది, దాని మీద ఒకే ఒక వంతెన, చుట్టూ పొలాలు. అందుకని మావాళ్లు దానికి రెండో బీర్కూర్ అని పేరు పెట్టేశారు. ఆ వంతెన దాటి రోడ్డు నేరుగా సరిహద్దుకు పోతుంది, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి పక్క దేశంలో ఉండొచ్చు. వంతెన వద్దనుకుంటే కొండల మీదుగా ఇంకో దారి ఉంది. ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది, డీజిల్ దొరుకుతుందో లేదో చెప్పలేం, పైగా మంచు మొదలయ్యే కాలం.

నదికి ఇవతల, నీలం వాళ్ల చేతిలోని పట్నంలో ఒక మెడికల్ కాలేజీ ఉంది. మన పిల్లలు అక్కడ చాలామంది చదువుతున్నారు. బాంబులు పడడం మొదలయ్యాక వాళ్లంతా హాస్టలు నేలమాళిగలో చేరారు. వాళ్లను బయటికి తేవడానికి కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు ఒక బస్సు సిద్ధం చేసుకున్నారు. వంతెన ఊరు కూడా నీలం వాళ్లదైతే నేరుగా పోవచ్చు, కాకపోతే కొండ దారే. ఏ దారిన పోవాలో తేల్చుకోవడానికి వాళ్లు ఫోన్‌లో చూసే నక్షాల్లో మాది ఒకటి. మిగతావాటికంటే మాది ఆలస్యంగా రంగు మారుస్తుందనీ, అందుకే దాన్ని ఎక్కువ నమ్ముతారనీ తర్వాత తెలిసింది. ఆలస్యానికి కారణం ఎవరో మా మేనేజరుకు బాగా తెలుసు.

ఒకరోజు పొద్దున ఆఫీసు మెట్ల మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. వర్ని దగ్గర క్యాంపు రైతు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన కుటుంబం. ఆయన కూతురు ఆ హాస్టలు నేలమాళిగలో ఉంది. యుద్ధం నక్షా మా ఆఫీసులోనే తయారవుతుందని ధాన్యం కొనుగోలు కేంద్రంలో విన్నాడట. ఆఫీసు సంగతులు బయట చెప్పబోమని మేమందరం సంతకాలు పెట్టాం. బాన్సువాడలో ఆ సంతకాలు వారం రోజులు ఆగాయంటేనే గొప్ప.

"అమ్మా, మా పాప అక్కడుందండి. ఆ వంతెన ఊరు ఎవరి చేతిలో ఉందో మీకే తెలుస్తుందంట కదా. నాకొక్క మాట చెప్తే చాలండి" అన్నాడు.

బయటివాళ్లను లోపలికి రానివ్వకూడదని రూలు. ఆయన వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్పగా పోసి ఉన్నాయి, మబ్బులు కమ్ముకొస్తున్నాయి, టార్పాలిన్ కప్పే మనిషి లేడు. అవన్నీ వదిలేసి వచ్చి మెట్ల మీద కూర్చున్న మనిషిని పొమ్మనడానికి నాకు నోరు రాలేదు. లోపల కుర్చీ వేయించాను. ఆ రోజు నుంచి రోజూ వచ్చేవాడు. ఒక మూల కూర్చుని ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, మా తెరల వైపు చూడకుండా మా మొహాల వైపు చూసేవాడు.

నాలుగో రోజో ఐదో రోజో, మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చోగానే జుక్కల్ అతను కేకేశాడు.

"మేడమ్, దొరికింది! రెండో బీర్కూర్‌ల జెండా ఎగరేసిన్రు. గిదే వాళ్ల పంచాయితీ ఆఫీసు. మెట్లు సూడుర్రి, పక్కపొంటి నీళ్ల ట్యాంకు సూడుర్రి, అన్నీ మ్యాచ్ అయినయ్. జెండా నీలమోళ్లదే!"

వీడియోలో పదిమంది దాకా సైనికులు. ఒకడు జెండా కట్టాడు, మిగతావాళ్లు చేతులు పైకెత్తి అరిచారు. అంతా నిమిషం కూడా లేదు.

"వంతెన సంగతేంది?" అని అడిగాను.

"దాని వీడియో గూడ ఉంది మేడమ్. లారీలు అటూ ఇటూ తిరుగుతున్నయ్. నంబర్ ప్లేట్లు సూడుర్రి, అన్నీ నీలమోళ్ల బండ్లే. ఇగ డౌటేం లేదు."

జుక్కల్ వాళ్లకు బండి నంబరు చూడడం పుట్టుకతో వచ్చే విద్య. మూడు రాష్ట్రాలు కలిసే చోట పెరిగినవాళ్లు. రోడ్డు మీద పోయే బండి మహారాష్ట్రదా, కర్ణాటకదా, మనదా అని దుమ్ములోంచే చెప్పేస్తారు. బండి ఎవరిదో దాంట్లో ఉన్నవాడూ వాళ్లవాడే అన్నది అక్కడి లెక్క. మామూలు రోజుల్లో ఆ లెక్క తప్పదు కూడా.

వర్ని పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు. "నీలం వాళ్లదేనామ్మా? బస్సు పోవచ్చాండి?" అంటూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. జుక్కల్ అతను వెళ్లి ఆయన భుజాలు పట్టుకున్నాడు. "ఫికర్ జెయ్యకు పెద్దనాయిన, మీ బిడ్డ రేపటికల్ల బార్డర్ దాటుతది" అన్నాడు. మిగిలింది నేను బటన్ నొక్కడమే.

నేను నొక్కలేదు.

ఎందుకో చెప్పాలంటే మీకు నా మొదటి ఉద్యోగం నుంచి ఒక సంగతి చెప్పాలి. ఇప్పుడు కబ్జా అంటే దొంగతనంగా ఆక్రమించడమనే అర్థం స్థిరపడింది. మా రికార్డుల్లో అది ఉత్త మాట. పట్టా ఎవరి పేరున ఉన్నా, భూమిని దున్నుకుని తింటున్నది ఎవరు అన్నదే కబ్జా. అది తేల్చడానికి నేను ఊళ్లకు పోయేదాన్ని. ఒకసారి అన్నదమ్ముల గొడవలో తమ్ముడు నాకొక ఫోటో చూపించాడు. ట్రాక్టరు మీద తానే కూర్చుని పొలం దున్నుతున్న ఫోటో. తెల్లచొక్కా వేసుకుని మరీ దున్నాడు మహానుభావుడు. ఆ పొద్దున కిరాయి ట్రాక్టరు తెచ్చి, రెండు చాళ్లు తిప్పి, ఫోటో దిగి, అన్న నిద్ర లేవకముందే ఇంటికి పోయాడు.

అలాంటప్పుడు మేం చేసే పని ఒకటే. గొడవపడే ఇద్దరినీ చెట్టు కింద కూర్చోబెట్టి, ఆ పొలానికి నాలుగు హద్దుల్లో ఉన్న రైతులను పిలిపిస్తాం. పొలం ఎవరిదని వాళ్లను అడగం. అలా అడిగితే ఎవరైనా జాగ్రత్తపడతారు, రేపు ఊళ్లో బతకాలి కదా. మోటరు ఎవరు వేస్తారు, నిరుడు కోత కోయించిందెవరు, పక్షులను తోలేదెవరు అని అడుగుతాం. జవాబు దానంతటదే వస్తుంది. ఆ కేసులో నలుగురూ అన్న భార్య పేరే చెప్పారు.

ఆ జెండా వీడియో చూడగానే నాకు తెల్లచొక్కా గుర్తొచ్చింది. అది ఋజువు కాదని నాకూ తెలుసు. కానీ అనుమానం వచ్చాక చేయి ఆడదు.

బీర్కూర్ అమ్మాయి కూడా తెర మీంచి తల ఎత్తింది. "మేడమ్, జెండ కాడ ఊరోళ్లు ఒక్కరు గూడ లేరు. గెలిచినోళ్లు వస్తే జనం జర తొంగన్న సూస్తరు గద. కిటికీలన్ని మూసే ఉన్నయ్" అంది.

"ఉపగ్రహం ఫోటో ఏమంటుంది?"

"మూడు దినాల సంది మబ్బులే మేడమ్. ఏం కనవడ్తలేదు."

అయితే హద్దుల వాళ్లను అడుగుదాం అన్నాను. జుక్కల్ అతను నోరెళ్లబెట్టాడు. "ఏంది మేడమ్, గా దేశంల పంచనామా చేస్తరా?" అన్నాడు. చేస్తాను అన్నాను.

ఊరికి నాలుగు దిక్కులా చిన్న ఊళ్లున్నాయి. యుద్ధానికి ముందు వీధుల్లో తీసిన ఫోటోలు నెట్‌లో ఉంటాయి కదా, వాటిలో దుకాణాల బోర్డులు వెతకమన్నాను. తూర్పున ఒక మందుల దుకాణం, ఉత్తరాన రొట్టెల దుకాణం, పడమర ట్రాక్టరు మెకానిక్ దొరికాయి. దక్షిణాన ఏమీ దొరకలేదు. చివరికి బీర్కూర్ అమ్మాయి ఒక ఇంటి గేటుకు వేలాడుతున్న రేకు ముక్క పట్టుకుంది. దాని మీద ఆవు బొమ్మ, చేత్తో రాసిన ఫోన్ నంబరు. మన దగ్గర గోడల మీద గేదె పాలు దొరుకును అని రాసినట్టే.

నంబర్లు దొరికాయి గానీ మాట్లాడేదెవరు? అనువాదం చేసే మనిషి కావాలని మేనేజరును అడిగితే సోమవారం చూద్దామన్నాడు. అప్పుడు వర్ని పెద్దమనిషి మెల్లగా అన్నాడు. "మా పాపకు ఆ భాష వచ్చండి. ఆస్పత్రిలో రోగులతో మాట్లాడాలని నేర్చుకుంది."

అలా ఆ అమ్మాయి మా పనిలోకి వచ్చింది. ఆయన ఫోన్‌లో తెర మీద కనిపించింది. చీకటి గది, వెనక దుప్పట్లు, తలకు ఉన్ని టోపీ. గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"చెప్పండి మేడమ్. ఊరు ఎవరి కంట్రోల్‌లో ఉందని అడగాలా?"

"ఆ మాటే ఎత్తవద్దు. అవతలివాళ్లు ప్రమాదంలో పడతారు, నిజమూ చెప్పరు. నువ్వు బస్సులో వస్తున్న విద్యార్థివి, అంతే. రొట్టె ఆ ఊరికి పోతోందా, పాలు పోతున్నాయా, దారిలో ఎవరైనా ఆపుతున్నారా అని అడుగు. వాళ్లు వద్దంటే వెంటనే పెట్టేసెయ్."

"ఓకే మేడమ్. హిస్టరీ తీసుకున్నట్టే కదా. నొప్పి ఎక్కడ అని డైరెక్ట్‌గా అడిగితే పేషెంట్ ఎప్పుడూ కరెక్ట్‌గా చెప్పడు" అంది. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల మీద నాకు నమ్మకం కుదిరింది.

తన దగ్గర ఉన్న రెండో ఫోన్ నుంచి కాల్ చేస్తూ మాకు వినిపించింది. మందుల దుకాణం అతను నాకేమీ తెలియదు, ఫోన్ చేయకండి అని పెట్టేశాడు. రొట్టెల దుకాణం ఆమె, మొన్న నీలం వాళ్లు వచ్చారు, జెండా కట్టారు, నేను కళ్లారా చూశాను అంది. మెకానిక్ ఫోన్ మోగలేదు. నాలుగోది చాలాసేపు మోగింది. ఒక ముసలి గొంతు ఎత్తింది. వెనక ఆవు అరుపు మా ఆఫీసు దాకా వినిపించింది.

వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అమ్మాయి మొహం మాత్రం మారిపోతూ వచ్చింది.

"మేడమ్" అంది ఫోన్ పెట్టేశాక. "ఆవిడ రోజూ పొద్దున వంతెన దాటి ఆ ఊళ్లో పాలు పోసేదంట. రెండు రోజులుగా వంతెన మొదట్లోనే ఆపి పాలు లాక్కుని వెనక్కి పంపుతున్నారంట. లారీలు మావాళ్లవే కానీ లోపల కూర్చున్నవాళ్లు మావాళ్లు కాదు, మాట వేరుగా ఉంది అంది. జెండా కట్టినవాళ్లు ఆ మధ్యాహ్నానికే వెళ్లిపోయారంట. బస్సు తేవద్దు తల్లీ, ఈ దారిన రావద్దు అని నాలుగుసార్లు చెప్పింది."

జుక్కల్ అతను వంతెన వీడియో మళ్లీ పెట్టాడు. లారీల ప్లేట్లు కాకుండా ఈసారి డ్రైవర్లను చూశాడు. ఒకడి చేతికి ఎర్ర పట్టీ మసక మసకగా కనిపించింది. అది పట్టీయో, నీడో, ప్రమాణం చేసి ఎవరూ చెప్పలేరు.

"గుంజుకున్న బండ్లు మేడమ్" అన్నాడు. "నేను ప్లేట్లే సూసిన. బండ్లు గుంజుకుంటరని నా దిమాక్‌కు రాలె."

అతన్ని ఓదార్చే తీరిక నాకు లేదు. మేనేజరు కాల్ వచ్చింది.

"మేడమ్, మిగతా మ్యాప్‌లన్నీ నీలం చూపిస్తున్నాయి. మనదొక్కటే గ్రే. క్లయింట్ నన్ను ఏకి పారేస్తున్నాడు. జెండా ఉంది, ట్రక్కులు ఉన్నాయి, లోకల్ విట్నెస్ ఒకామె కళ్లారా చూశానంటోంది. ఇంకేం కావాలి?"

"రొట్టెలావిడ చూసింది మొన్నటి సంగతి బాబూ. ఈరోజు ఆ ఊళ్లోకి అడుగు పెట్టబోయిన మనిషి ఒక్కతే, పాలావిడ. ఆమెను వెనక్కి పంపారు."

"ఒక ముసలావిడ మాట మీద అంత పెద్ద డెసిషన్ ఎలా తీసుకుంటాం మేడమ్?"

"పదిమంది మగవాళ్లు నిమిషంసేపు అరిచిన వీడియో మీద తీసుకోవడానికి మీరు సిద్ధంగా ఉన్నారు కదా" అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన మీద ఒత్తిడి ఉంది. చివరికి, మీరు నొక్కకపోతే నేనే ఇక్కడి నుంచి నొక్కుతాను అన్నాడు. నొక్కండి అన్నాను. మీ పేరు మీద నొక్కండి, నేను ఎందుకు వద్దన్నానో కింద రాస్తాను, ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి అన్నాను. సరే, సాయంత్రం దాకా టైం ఇస్తాను అని పెట్టేశాడు.

అంతకంటే కష్టమైంది ఇంకా ఉంది. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగితే వర్ని పెద్దమనిషి నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇన్ని రోజులుగా మాట పైకి రాని మనిషి అరిచాడు.

"లోకమంతా నీలం అంటుంటే మీరొక్కరే కాదంటారేంటండి! కొండ దారిలో మంచు పడితే? డీజిల్ అయిపోతే? నా పిల్ల అక్కడ గడ్డకట్టి చస్తే మీరు సమాధానం చెప్తారా? మీ పొలం గొడవలూ ఇదీ ఒకటేనా?"

నాకు భయం వేసింది. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. నేను ఆపితే ఆ బస్సు కొండ దారి పట్టాలి, ఆ దారికి నేనేమీ హామీ ఇవ్వలేను. భూమి కేసులో నేను తప్పు రాస్తే కోర్టుకు పోయి సరిచేసుకోవచ్చు. ఇక్కడ నా తప్పును మోసేది నేలమాళిగలో ఉన్న పిల్లలు. అయినా నా మనసు ఒక్క అంగుళం కదల్లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రంగు వేసి ఆ పిల్లలను దాని మీదికి పంపలేను.

"ఒకటి కాదు" అన్నాను. "ఒకటైతే నేను ఇంతసేపు ఆలోచించేదాన్ని కాదు. మీ అమ్మాయినే అడగండి. ఆ పాలావిడ గొంతు విన్నది మీ అమ్మాయి, నేను కాదు."

ఆయన ఫోన్ ఎత్తాడు.

"నాన్నా" అంది ఆ అమ్మాయి. అంతా విన్నట్టుంది. "నేను ఆవిడతో మాట్లాడాను నాన్నా. ఆవిడకు అబద్ధం చెప్పాల్సిన అవసరమేముంది? నా గురించి ఏడ్చింది. నేను వంతెన దారిన వెళ్లను. బస్సు వాళ్లకు నేనే చెప్తాను."

ఆయన కుర్చీలో కూలబడి కండువా మొహం మీద కప్పుకున్నాడు. బీర్కూర్ అమ్మాయి తన సీసాలోని నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, ఆయన కాళ్ల దగ్గరే కింద కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నేను తెర దగ్గరికి వెళ్లి బూడిద రంగు అలాగే ఉంచి, దాని కింద నాలుగు వాక్యాలు రాసి బటన్ నొక్కాను. పాలావిడ గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. హద్దు సాక్ష్యమని రాశాను. ఆ మాట అర్థం చేసుకునేవాళ్లు ఆ విదేశీ కంపెనీలో ఎవరూ ఉండరని తెలుసు.

బస్సు కొండ దారిన పోయింది. ఆ ప్రయాణం సంగతి ఆ అమ్మాయి చెబితేనే బాగుంటుంది. మధ్యలో డీజిల్ అయిపోయింది. పిల్లలంతా దిగి బస్సును తోశారు. ఒకబ్బాయి కాలివేళ్లు చలికి దెబ్బతిన్నాయి. ఆ ఒక పగలూ ఒక రాత్రీ వర్ని పెద్దమనిషి ఇంటికి పోలేదు, నాతో మాట్లాడలేదు. జుక్కల్ అతనే బండేసుకుని పోయి ఆయన వడ్ల కుప్ప మీద టార్పాలిన్ కప్పి వచ్చాడు. అడిగితే, ఏదో ఒకటి చెయ్యాలె గద మేడమ్ అన్నాడు.

సరిహద్దు దాటామని ఫోన్ వచ్చినప్పుడు ఆయన లేచి నా దగ్గరికి వచ్చి, చేతులు జోడించబోయి, అది చాలదనిపించిందో ఏమో, అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది.

ఆ మర్నాడు మబ్బులు విడిపోయాయి. వంతెన మధ్యలో కాలిపోయిన వ్యాను ఒకటి కనిపించింది. నీలం వాళ్లు ఆ ఊరు వదిలి వెనక్కి వచ్చామని తామే ఒప్పుకున్నారు. ఆ వ్యాను ఎవరిదో, ఏ నక్షా చూసి ఆ దారిన పోయారో మాకు తెలియదు. మాది చూసి పోలేదు కదా అని మేనేజరు నాకు ధైర్యం చెప్పాడు. అందులో నాకు ఊరటేమీ దొరకలేదు. మేం రెండో బీర్కూర్‌కు ఎరుపు వేశాం. ఈసారి ఎవరికీ అనుమానం లేదు, ఎవరూ అడగనూ లేదు.

కొన్ని వారాల తర్వాత తండ్రీ కూతుళ్లిద్దరూ ఆఫీసుకు వచ్చారు. ఆయన చేతిలో లడ్డూల డబ్బా. అందరూ లేచి అమ్మాయి చుట్టూ చేరారు. తెర మీద చూసినదానికంటే పొట్టిగా, సన్నగా ఉంది. జుక్కల్ అతను సెల్ఫీ అన్నాడు. ఆ పిల్ల నవ్వింది గానీ కూర్చోలేదు.

"మేడమ్, మీతో ఒక పని ఉంది. ఆ పాలావిడకు రోజూ ఫోన్ చేస్తున్నాను. మోగట్లేదు. ఒక్కసారి కూడా కలవట్లేదు. నేను ఆ రోజు ఫోన్ చేసినందుకు ఆవిడకేమైనా అయిందేమో. ఊరు ఎవరిదైందో నాకు అక్కర్లేదు మేడమ్. ఆవిడ ఉందో లేదో చెప్పండి."

లడ్డూలు తింటున్నవాళ్లు ఆగిపోయారు. మా నక్షాలో ఊళ్లకు చుక్కలున్నాయి, మనుషులకు లేవు. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేలోపు బీర్కూర్ అమ్మాయి తన కుర్చీ లాక్కుంది. "నిన్నటి ఫోటో వచ్చింది మేడమ్. సూద్దాం" అంది.

తెర నిండా తెలుపు. నది, వంతెన, పొలాలు, అంతా మంచు. దక్షిణపు ఊరును వెతికి ఆ రేకు బోర్డు ఇంటిని పట్టుకుంది. కప్పు నిలిచే ఉంది. పక్కన పశువుల కొట్టం, దాని కప్పూ బాగానే ఉంది. అంతకంటే ఏం కనిపిస్తుంది అనుకున్నాను. ఆమె ముక్కు తెరకు ఆనించింది. ఆ రోజు నేను తిట్టలేదు.

"గిది కొత్త మంచు మేడమ్. మొన్న రాత్రి పడ్డది, రోడ్లు గూడ మునిగినయ్" అంది. వేలు పెట్టి చూపించింది. "ఇంటి కాడి నుంచి కొట్టం దాక సన్నగ నల్లగ ఒక గీత ఉంది. కనవడుతుందా? తొక్కిన బాట. మంచు పడ్డంక ఎవరో నడిచిన్రు. ఒక్కసారి గాదు, మస్తుసార్లు తిరిగిన్రు."

అందరం వంగి చూశాం. తెల్లటి వాకిట్లో వెంట్రుకంత గీత.

"ఆవిడే కదా మేడమ్?" అంది ఆ అమ్మాయి.

అందరూ నా వైపు చూశారు. ఆ ఇంట్లో దిగిన సైనికుడు కావచ్చు. ఆవులను తోలుకుపోవడానికి వచ్చిన దొంగ కావచ్చు, దయగల పొరుగువాడు కావచ్చు. ఒక గీతను చూసి అది ఏ కాళ్లు వేసిన బాటో చెప్పేవాళ్లను ఉద్యోగం నుంచి తీసేయమని రాసి ఉండేదాన్ని నేను. జుక్కల్ అతను నేనేం చెబుతానో ముందే తెలిసినట్టు తల దించుకున్నాడు.

"ఆమే" అన్నాను. "పొద్దున్నే పాలు పిండకపోతే ఆవులు ఊరుకుంటాయా? ఆమే."

ఆ పిల్ల కుర్చీలో కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఇన్నేళ్ల నౌకరీలో సాక్ష్యం లేకుండా నేను ధ్రువీకరించింది అదొక్కటే, ఈ రోజుకీ దాన్ని వెనక్కి తీసుకోను.